తోడేళ్ళ శరణాలయానికి చుట్టపుచూపుగా

సియాటిల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి ఎండాకాలం అంటే చుట్టాల సీజను. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు, న్యూజెర్సీ నుంచి బావగారి కుటుంబం వస్తుంది. వచ్చినవాళ్ళందరికీ స్పేస్ నీడిల్, స్నోక్వాల్మీ జలపాతం, మౌంట్ రెయినియర్, బోయింగ్ ఫ్యాక్టరీ అదే వరసలో చూపించి చూపించి మనకే విసుగు పుడుతుంది. ఆ జాబితాలో చేర్చుకోదగ్గది ఇంకొకటి ఉంది. సియాటిల్‌కి దక్షిణంగా దాదాపు గంటన్నర ప్రయాణం చేస్తే టెనైనో అనే చిన్న ఊరు వస్తుంది. దాని దగ్గరే 'వుల్ఫ్ హేవెన్ ఇంటర్నేషనల్' ఉంది. మనుషుల చేతుల్లో పుట్టి, మనుషుల చేతుల్లోనే చెడి, ఎటూ పోలేక మిగిలిపోయిన తోడేళ్ళకి అది ఇల్లు.

వెళ్ళేముందు ఒక మాట. ఇది జూ కాదు, సఫారీ అంతకన్నా కాదు. టికెట్టు కొన్నాం కాబట్టి తోడేలు వచ్చి మన ముందు నిలబడాలి అనుకునేవాళ్ళు నిరాశపడతారు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు సగం అలాంటి మనిషినే.

మన భాషలో కూడా ఒక తికమక ఉంది. 'శాంక్చురీ' అనగానే మనకి 'అభయారణ్యం' అనే మాట తడుతుంది. మన దేశంలో అభయారణ్యం అంటే అడవి జంతువులు వాటంతట అవే తిరిగే చోటు. జార్ఖండ్‌లో 1976 నుంచి ఉన్న మహువాడాండ్ తోడేళ్ళ అభయారణ్యం అలాంటిదే. మన కర్నూలు వైపు రోళ్ళపాడు (ఇప్పుడు నంద్యాల జిల్లా) కూడా అంతే. దాన్ని 1988లో బట్టమేక పిట్ట కోసం ఏర్పాటు చేశారు గానీ, ఆ గడ్డి మైదానంలో కృష్ణజింకలూ తోడేళ్ళూ కూడా ఉంటాయి. అమెరికాలో రక్షించి తెచ్చిన జంతువుల శాంక్చురీ వేరు. అక్కడి జంతువు అడవిలో పుట్టలేదు, అడవికి పోలేదు. దానికి తిండి, వైద్యం, కంచె, చచ్చేదాకా ఒక చోటు ఎవరో ఒకరు ఇవ్వాలి. కాబట్టి 'శరణాలయం' అనే మాటే దీనికి సరిగ్గా సరిపోతుంది. ఈ వ్యాసంలో ఆ మాటే వాడతాను.

ఎక్కడ, ఎలా

ఐ-5 మీద దక్షిణంగా వెళ్ళి, ఒలింపియా దాటాక ఫ్రీవే దిగి, ఓల్డ్ హైవే 99 పట్టుకుని ఆఫట్ లేక్ రోడ్డు మీదకి తిరగాలి. సియాటిల్ నుంచి సుమారు 70 మైళ్ళు. టకోమా దగ్గర ట్రాఫిక్కు గురించి ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు, అరగంట ముందే బయల్దేరండి. ముందుగా బుక్ చేసుకోకుండా వెళితే లోపలికి రానివ్వరు. ఏ రోజుల్లో తెరుస్తారన్నది కాలాన్ని బట్టి మారుతుంది కాబట్టి వాళ్ళ వెబ్‌సైటు చూసుకోవాలి. పెంపుడు కుక్కని వెంట తీసుకెళ్ళకండి. కార్లో వదిలేసి వస్తాం అనడం కూడా సరికాదు, దాని వాసనే లోపలి జంతువులకి కలవరం.

సంస్థ 1982లో మొదలైంది. స్థలం 82 ఎకరాలు. ఇంతవరకూ 300 పైచిలుకు జంతువులకి ఇక్కడ ఆశ్రయం దొరికింది. వీటిలో తోడేళ్ళూ ఉన్నాయి, తోడేలు-కుక్క సంకరాలూ ఉన్నాయి. మొత్తం స్థలమంతా తోడేళ్ళ కంచెలే అనుకోకండి. అందులో చాలా భాగం ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన ప్రెయిరీ గడ్డి నేల, ఓక్ చెట్లు, చిత్తడి. మజామా పాకెట్ గోఫర్ అని చిన్న ఎలుక జాతి జంతువు ఒకటుంది. దాన్ని 2014లో ఫెడరల్ ప్రభుత్వం ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. అది కూడా ఇక్కడి నేలలో బొరియలు చేసుకుని బతుకుతోంది. తోడేళ్ళ పేరు పెట్టుకున్న చోట ఎలుకకి కూడా రక్షణ దొరకడం నాకు భలే నచ్చింది.

ఒకప్పుడు ఇక్కడ వేసవి సాయంత్రాలు 'హౌల్-ఇన్' పేరుతో జనం పోగై, కథలూ పాటలూ అయ్యాక అందరూ కలిసి ఊళ వేసేవారు. తోడేళ్ళు బదులిచ్చేవి. ఇప్పుడు పద్ధతి మారింది. చిన్న చిన్న గుంపులు, వెంట ఒక గైడు, నిర్ణయించిన దారి. ఆ దారి వెంట కొన్ని కంచెలే కనిపిస్తాయి. మిగతా తోడేళ్ళ దగ్గరికి సందర్శకులు వెళ్ళరు. జనాన్ని చూస్తే బెదిరేవాటిని జనానికి దూరంగా ఉంచుతారు. డబ్బులిచ్చి వచ్చినవాళ్ళకి తక్కువ చూపించడం వ్యాపార లెక్కల్లో పనికిరాదు గానీ, ఇక్కడి లెక్క వేరు.

కంచె దగ్గర

మేము వెళ్ళిన రోజు మొదట కనిపించింది తోడేలు కాదు, దారి. కంచె లోపలి అంచు వెంబడి గడ్డి అరిగిపోయి, మట్టి గట్టిపడి, మన పొలం గట్టు మీద కాలిబాటలా సన్నటి గీత. తోడేలు తన సరిహద్దు వెంట తిరిగే జంతువు. అడవిలో ఆ సరిహద్దు వందల చదరపు మైళ్ళు ఉండొచ్చు. ఇక్కడ కంచె ఎంత పెద్దదైనా అంత ఉండదు. గైడు ఈ సంగతి దాచలేదు. "ఇది వాటికి దక్కిన వాటిలో మంచిది, వాటికి దక్కాల్సింది కాదు," అంది. ఆ మాట తర్వాత మా గుంపులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత చెట్ల నీడలోంచి ఒకటి లేచి వచ్చింది. సినిమాల్లో చూసిన దానికీ దీనికీ పోలికే లేదు. కాళ్ళు చాలా పొడుగు, ఛాతీ సన్నం, పాదాలు మాత్రం అరచేయంత. వేసవి కాబట్టి చలికాలపు బొచ్చు ఇంకా ముద్దలు ముద్దలుగా ఊడుతోంది. పాత పరుపులోంచి దూది వేలాడినట్టుంది. మా అమ్మ "పాపం, జబ్బు చేసిందా?" అని అడిగింది. జబ్బు కాదు, ఏటా అంతే. లోపలి దట్టమైన బొచ్చు ఎండాకాలానికి రాలిపోయి, మళ్ళీ చలికి పెరుగుతుంది. అందుకే ఫోటోల్లో చూసే నిండైన తోడేలుని చూడాలనుకుంటే ఆకులు రాలే కాలంలోనో, దాని తర్వాతో వెళ్ళాలి. ఎండాకాలం మధ్యాహ్నాలు అవి నీడన పడి నిద్రపోతాయి.

చాలావరకు జంటలుగా ఉంచుతారు. తోడేలు ఒంటరిగా బతికే జంతువు కాదు కాబట్టి తోడు కావాలి. అలాగని ఎక్కడెక్కడివో తెచ్చి ఒకే కంచెలో పదింటిని పడేస్తే కొట్టుకు చస్తాయి. జంటలో ఒకటి చనిపోతే మిగిలినదానికి సరిపడే తోడు కోసం మళ్ళీ వెతుకుతారు. సంబంధాలు కుదర్చడం మనకే కాదు, వాళ్ళకీ పెద్ద పనే. వయసు, స్వభావం, పాత అలవాట్లు అన్నీ చూడాలి.

ఇక ఊళ. పెద్దల మాటల్లో తోడేలు ఊళ అంటే అపశకునం. దగ్గర నుంచి వింటే అది అంత భయంగా ఉండదు. ఒకటి మొదలుపెడితే ఇంకోటి వేరే స్థాయిలో అందుకుంటుంది. రెండూ ఒకే స్వరం మీద నిలవవు, ఒకటి పైకి పోతే ఇంకోటి కిందికి జారుతుంది. అందుకే నాలుగు తోడేళ్ళు ఊళ వేస్తే పదిహేను ఉన్నట్టు వినిపిస్తుంది. అడవిలో పక్క మందకి "ఇక్కడ మేమున్నాం, రావద్దు" అని చెప్పడానికీ, చెదిరిపోయిన సొంతవాళ్ళని పిలవడానికీ అదే పనికొస్తుంది. చంద్రుడితో దానికి సంబంధం లేదు. మేమున్న సమయంలో ఎక్కడో ఒక అంబులెన్సు సైరన్ మోగితే దానికి బదులిచ్చాయి.

ఇవన్నీ ఇక్కడికెలా వచ్చాయి?

అసలు విషయం ఇదే. దీనికి నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి.

చదువుకునే రోజుల్లో, వేరే రాష్ట్రంలో, స్నేహితులతో రోడ్డు ప్రయాణం చేస్తూ హైవే పక్కన ఒక బోర్డు చూసి ఆగాం. డబ్బు కడితే తోడేలు పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఫోటో దిగొచ్చు. అది కూడా తనని తాను శాంక్చురీ అనే చెప్పుకుంది. మేమూ నమ్మాం. ఆ పిల్ల మూడు నాలుగు వారాలది అయి ఉంటుంది. వరసలో ముప్పై మంది ఉన్నాం. ఆ ఫోటో నా దగ్గర ఇప్పటికీ ఉంది. నేను నవ్వుతున్నాను, పిల్ల కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోతోందని అనుకున్నా.

ఆ రోజు మేమెవరం అడగని ప్రశ్న, వచ్చే ఏడాదికి ఈ పిల్ల ఎక్కడుంటుంది అని. తోడేలు ఏడాదికి ఒక్కసారే ఈనుతుంది, వసంతంలో. పిల్ల ముద్దుగా, ఒళ్ళో పట్టేంత ఉండేది కొద్ది వారాలే. ఆ తర్వాత దాన్ని జనం చేతికి ఇవ్వలేరు. వచ్చే వసంతానికి మళ్ళీ కొత్త పిల్లలు కావాలి. మరి పాతవి? అమ్మేస్తారు, ఎవరికో ఇచ్చేస్తారు, లేదా వెనకాల బోనులో పెడతారు. అదృష్టం బాగుంటే వుల్ఫ్ హేవెన్ లాంటి చోట తేలతాయి. టెనైనోలో ఆ కంచె ముందు నిలబడి గైడు ఇలాంటి ఫోటో వ్యాపారాల గురించి చెబుతుంటే నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రెండో దారి పెంపుడు మోజు. తోడేలుకీ కుక్కకీ పుట్టిన సంకరాన్ని ఇక్కడ 'వుల్ఫ్‌డాగ్' అంటారు. పిల్లల్ని కొనుక్కోవడానికి ప్రకటనలు దొరుకుతాయి. "ఇంత శాతం తోడేలు" అని అమ్మేవాడు చెప్పే లెక్కకి చాలాసార్లు ఆధారం ఉండదు. తోడేలు అని అమ్మినదానిలో తోడేలు రక్తమే లేకపోవచ్చు, హస్కీ, మాలమ్యూట్ కలిసిన కుక్కే అయి ఉండొచ్చు. నిజంగా తోడేలు పాలు ఎక్కువగా ఉన్నదైతే మొదటి ఏడాది బాగానే గడుస్తుంది. రెండో ఏడో మూడో ఏడో, అది పూర్తిగా ఎదిగే వయసులో, ఇంట్లో కథ మారిపోతుంది. సోఫాలు చీలుస్తుంది, గోడ జిప్సం బోర్డుని తవ్వుతుంది, ఆరడుగుల కంచె దూకుతుంది, లేకపోతే కిందనుంచి సొరంగం చేస్తుంది. పక్కింటి పిల్లి దానికి ఆహారం. ఇది దుర్మార్గం కాదు, దాని స్వభావం. కుక్క మనిషితో కలిసి వేల ఏళ్ళ పాటు మారుతూ వచ్చింది. తోడేలు పిల్లని పాలపీక పట్టి పెంచినంత మాత్రాన ఆ వేల ఏళ్ళు దానికి రావు.

ఈ తేడా పుట్టిన మొదటి వారాల్లోనే మొదలవుతుంది. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో క్యాథరిన్ లార్డ్ ఈ విషయం మీద చేసిన పరిశోధన ప్రచురితమైంది. తోడేలు పిల్ల రెండు వారాలకే చుట్టూ ఉన్న లోకాన్ని తెలుసుకోవడానికి బయల్దేరుతుంది. అప్పటికి దానికి వాసన ఒక్కటే బాగా తెలుసు, చూపూ వినికిడీ ఇంకా సరిగా రాలేదు. కుక్కపిల్ల అదే పని నాలుగు వారాలకి, కళ్ళూ చెవులూ పని చేస్తుండగా మొదలుపెడుతుంది. కాబట్టి కుక్కపిల్లకి మనిషీ, గొర్రే, కారు శబ్దమూ అన్నీ పరిచయమే అవుతాయి. తోడేలు పిల్లకి ఆ తర్వాత వినపడే ప్రతి శబ్దమూ, కనపడే ప్రతి ఆకారమూ కొత్త భయమే. నా ఒళ్ళో కళ్ళు మూసుకున్న పిల్ల గురించి ఇది చదివాకే అనుమానం వచ్చింది, అది నిద్ర కాదేమో అని.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. వుల్ఫ్‌డాగ్ విషయంలో రాష్ట్రానికో చట్టం, ఒక్కోసారి కౌంటీకో నియమం. అన్నిటికన్నా పెద్ద చిక్కు రేబీస్. అమెరికాలో సంకరాల కోసం లైసెన్సు పొందిన రేబీస్ టీకా లేదు. కుక్కలకి వేసే టీకానే వేయించినా చట్టం దృష్టిలో దానికి టీకా పడనట్టే లెక్క కావచ్చు. అది ఎవరినైనా కరిస్తే, మామూలు కుక్కని ఉంచినట్టు పది రోజులు విడిగా ఉంచి చూద్దాం అనకుండా, చంపి మెదడు పరీక్షించే అవకాశం చాలాచోట్ల ఉంది. ఇంటి ఇన్సూరెన్సు వాళ్ళు, అపార్టుమెంటు వాళ్ళు ఒప్పుకోకపోవడం దీని ముందు చిన్న విషయం. మన స్నేహితుల్లో ఎవరైనా "ఒక తోడేలు పిల్లని కొందామనుకుంటున్నా" అంటే ఈ ఒక్క పేరా చదివించండి.

వదిలేయొచ్చు కదా?

మా నాన్న అడిగిన మొదటి ప్రశ్న ఇది. అడవి ఇంత ఉంది కదా, గేటు తీస్తే పోలా అని. ఇక్కడి రక్షిత తోడేళ్ళకి వేటాడటం నేర్పిన తల్లిదండ్రులు లేరు. తిండి అంటే వాటికి మనిషి. ఆకలేస్తే దగ్గర్లో ఉన్న ఊరికే పోతాయి, అక్కడ తుపాకీ గుండే ఎదురవుతుంది. దానికి తోడు ఏ మందకి చెందిన నేల ఆ మందకి ఉంటుంది. తెలియని తోడేలు కనిపిస్తే చంపేస్తాయి. సంకరాలని వదలడం ఇంకా తప్పు, అడవి తోడేళ్ళ వంశంలోకి కుక్క రక్తం కలుస్తుంది.

ఐతే ఇదే ఆవరణలో, సందర్శకులకి కనిపించని వేరే తోడేళ్ళున్నాయి. వాటిని మాత్రం అడవి కోసమే పెంచుతారు. మెక్సికన్ తోడేలు, ఎర్ర తోడేలు అనే రెండు జాతులవి. దేశంలో చాలా సంస్థలు కలిసి నడిపే సంరక్షణ కార్యక్రమాలలో వుల్ఫ్ హేవెన్ కూడా ఒకటి. రక్షించి తెచ్చిన తోడేళ్ళని ఇక్కడ ఈననివ్వరు. ఈ రెండు జాతులకి మాత్రమే, అదీ కార్యక్రమం నిర్ణయించిన జంటలకి మాత్రమే ఆ వీలుంది.

ఆ రెండిటి కథ వింటే ఎంత సన్నటి దారం మీద నిలబడ్డాయో తెలుస్తుంది. ఈరోజు బతికున్న మెక్సికన్ తోడేళ్ళన్నీ కేవలం 7 తోడేళ్ళ సంతానం. 1998లో అరిజోనా, న్యూమెక్సికో అడవుల్లో వాటిని మళ్ళీ వదలడం మొదలుపెట్టారు, ఇప్పుడు అక్కడ వాటి సంఖ్య 250 దాటింది. ఎర్ర తోడేళ్ళకి మూలం 14. 1980లో అవి అడవిలో అంతరించినట్టు ప్రకటించారు, 1987లో నార్త్ కరోలినా తీరంలో తిరిగి వదిలారు. వాటి పెంపకం కార్యక్రమం 1973లో మన పక్కనే ఉన్న టకోమాలోని పాయింట్ డిఫయన్స్ జూలో మొదలైందని చాలామందికి తెలియదు. అడవిలో ఎర్ర తోడేళ్ళు ఇప్పటికీ పదుల్లోనే ఉన్నాయి.

7 జంతువుల నుంచి వచ్చిన వంశం అంటే మేనరికాల చిక్కు మనకి వేరే చెప్పక్కర్లేదు. అందుకని ఎవరికి ఎవరిని జత చెయ్యాలన్నది వంశవృక్షాలు ముందు పెట్టుకుని లెక్కగట్టి నిర్ణయిస్తారు. ఇంకో ఉపాయం నాకు చాలా ఆశ్చర్యం కలిగించింది. సంరక్షణలో పుట్టిన పిల్లలని, రెండు వారాలు నిండకముందే, విమానంలో తీసుకెళ్ళి, అడవిలో అదే సమయంలో ఈనిన తల్లి గుహలో దాని పిల్లలతో కలిపి పెట్టేస్తారు. తల్లి వాటిని కూడా తనవిగానే పెంచుతుంది. వేట, భయం, దారి అన్నీ అడవి తల్లే నేర్పుతుంది. వంశంలోకి కొత్త రక్తమూ వస్తుంది. సమయం ఒక వారం తప్పితే కుదరదు. మనలో రిలీజు తేదీల మధ్య నలిగేవాళ్ళకి ఈ పని ఒత్తిడి ఎలాంటిదో ఊహకందుతుంది. ఐతే మన రిలీజులు వెనక్కి తీసుకోవచ్చు.

'ఆల్ఫా' గురించి

మన ఆఫీసుల్లో 'ఆల్ఫా' అనే మాట తెగ వాడతారు. తోడేళ్ళలో ఒకటి కొట్లాడి నాయకుడవుతుంది, మిగతావి లొంగి ఉంటాయి అన్న ఊహ నుంచి వచ్చింది అది. దాని పుట్టుక వింటే నవ్వొస్తుంది. స్విట్జర్లాండులోని బాసెల్ జూలో ఒకే ఆవరణలో ఉంచిన తోడేళ్ళని గమనించి రుడాల్ఫ్ షెంకెల్ 1947లో రాసిన పత్రం దానికి మూలం. డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్త 1970లో రాసిన తోడేళ్ళ పుస్తకంతో ఆ మాట ఊరూరా పాకింది. తర్వాత ఆయనే అడవి తోడేళ్ళని ఏళ్ళ తరబడి చూసి, 1999లో అది తప్పని రాశాడు. అడవిలో మంద అంటే ఒక కుటుంబం. అమ్మా, నాన్నా, ఈ ఏటి పిల్లలు, నిరుటి పిల్లలు. నాయకులు ఎవరంటే తల్లిదండ్రులు, అంతే. పాత పుస్తకాన్ని ఆపమని ఆయన ప్రచురణకర్తలని ఏళ్ళ తరబడి అడిగితే, చివరికి 2022లో ముద్రణ ఆగింది. సంబంధం లేనివాళ్ళని ఒకచోట బంధిస్తే పుట్టే గొడవలని చూసి లోక స్వభావం అనుకున్నారన్నమాట. హాస్టల్లో మూడేళ్ళు ఉన్నవాళ్ళకి ఇది తొందరగా అర్థమవుతుంది.

కంచె అవతలి తోడేళ్ళు

వాషింగ్టన్ రాష్ట్రంలో 1930ల నాటికి తోడేళ్ళని పూర్తిగా తుడిచిపెట్టేశారు. తర్వాత అవి పక్క రాష్ట్రాల నుంచి, కెనడా నుంచి వాటంతట అవే నడిచి వచ్చాయి. 2008లో మెటో లోయలో మొదటి మందని నిర్ధారించారు. 2024 చివరి లెక్కలో కనీసం 230 తోడేళ్ళు, 43 మందలు. అంతకు ముందేడాది లెక్క 260. ఏటా పెరుగుతూ వచ్చిన సంఖ్య తగ్గడం అదే మొదటిసారి. ఎక్కువ భాగం రాష్ట్రానికి తూర్పు వైపే. టెనైనో దగ్గర కంచె బయట తోడేలు కనిపిస్తుందని చూడకండి.

తూర్పు వైపు పశువులు పెంచేవాళ్ళకి తోడేళ్ళంటే పడదు. బెల్‌వ్యూలో కూర్చుని వాళ్ళని తిట్టడం తేలిక. రాయలసీమలో గొర్రెల మందతో రాత్రి పొలంలో పడుకునే కాపరికి రెండు గొర్రెలు పోతే ఆ నెల ఇల్లెలా గడుస్తుందో తెలిసినవాళ్ళు మనలో ఉన్నారు. మన దేశపు తోడేలు ఇక్కడి దానికన్నా చిన్నది, బొచ్చు పలచన. బీడు భూముల్లో, గొర్రెల దారుల్లో బతుకుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. దేశం మొత్తం మీద మూడు వేలకి అటూ ఇటూ ఉంటాయని అంచనా, అంటే పులులకన్నా తక్కువ. ఐనా పులికి ఉన్న పేరు దీనికి లేదు. అంతెందుకు, ఇంగ్లీషువాళ్ళు పిల్లలకి చెప్పే కథలో గొర్రెల కాపరి కుర్రాడు అరిచేది "తోడేలు" అని. మన దగ్గర వాడు "నాన్నా, పులి!" అని అరుస్తాడు. కథలో కూడా దాని చోటు పులికే పోయింది.

అసలైనదో కాదో ఎలా తెలుసుకోవాలి

అమెరికాలో శాంక్చురీ అన్న పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. ప్రదర్శనకి ఇచ్చే వ్యవసాయ శాఖ లైసెన్సు ఉన్నంత మాత్రాన అది శరణాలయం అయిపోదు. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా, ఏ జంతువుదైనా, వెళ్ళేముందు ఒక్క ఫోను చేసి అడగండి: పిల్లల్ని ముట్టుకోవచ్చా? అవునంటే వెళ్ళకండి. ఏటా కొత్త పిల్లలు ఎక్కడి నుంచి వస్తున్నాయని కూడా అడగండి. నిజమైన శరణాలయం అమ్మదు, ఫోటోల కోసం ఈనిపించదు, జంతువుని బయటి వేడుకలకి అద్దెకి పంపదు. 'గ్లోబల్ ఫెడరేషన్ ఆఫ్ యానిమల్ శాంక్చురీస్' అనే సంస్థ ఇలాంటి చోట్లని పరీక్షించి గుర్తింపు ఇస్తుంది, వుల్ఫ్ హేవెన్‌కి ఆ గుర్తింపు ఉంది. లాభాపేక్ష లేని సంస్థ ఐతే ఫారం 990 అందరికీ అందుబాటులో ఉంటుంది. జీతాలకెంత, జంతువులకెంత అని బాలన్స్ షీటు చూడటం మనవాళ్ళకి ఎటూ అలవాటే.

విరాళం ఇచ్చేవాళ్ళకి ఒక సూచన. మనం పని చేసే కంపెనీల్లో చాలా వాటికి మ్యాచింగ్ ఉంది, ఇచ్చినంతకి అంతా కలుపుతాయి, కొన్ని వాలంటీరు గంటలకి కూడా కలుపుతాయి. ఒక తోడేలుని పేరుకి దత్తత తీసుకుని ఏడాది ఖర్చులో కొంత భరించే పద్ధతీ ఉంది. దాని ఫోటో, వివరాలు పంపుతారు. పుట్టినరోజుకి ఏం కొనాలో తోచని స్నేహితుల పిల్లలకి నేను ఇదే ఇస్తున్నాను. ప్లాస్టిక్ బొమ్మ కన్నా ఎక్కువ కాలం గోడ మీద ఉంటోంది.

చిన్న పిల్లలతో వెళ్ళేవాళ్ళు ముందే ఒక సంగతి చెప్పుకోవాలి. అరవకూడదు, పరిగెత్తకూడదు, కంచె దగ్గరికి పోకూడదు. ఐదేళ్ళ లోపు వాళ్ళకి ఇది కష్టం. అమ్మానాన్నలకి నడక ఎక్కువ ఉండదు గానీ నిలబడటం ఉంటుంది. తర్వాత టెనైనో ఊళ్ళో కాసేపు ఆగొచ్చు. ఒకప్పుడు ఇసుకరాయి గనుల ఊరు. 1931లో బ్యాంకు మూతపడితే చెక్క పలకల మీద డబ్బు అచ్చేసుకుని వాడుకున్నారు, మళ్ళీ 2020లో కోవిడ్ సమయంలో అదే పని చేశారు. పాత రాతి గనిని ఈతకొలను చేశారు. మేము అక్కడి పార్కులో కూర్చుని పులిహోర తిన్నాం.

నేను రెండోసారి ఆగస్టులో వెళ్ళాను. మధ్యాహ్నం, బాగా ఎండ. మొదటిసారి చూసిన ఆ పొడుగు కాళ్ళ తోడేలు కంచెకి ఆ చివర ఫెర్న్ పొదల్లో పడుకుంది. మా గుంపుకి కనిపించింది దాని ఒక చెవి మాత్రమే. మేము మాట్లాడినప్పుడల్లా ఆ చెవి ఇటు తిరిగేది, మళ్ళీ అటు తిరిగేది. లేవలేదు. గైడు లేపడానికి ప్రయత్నం కూడా చేయలేదు. మూడోసారికి అక్టోబరులో పొద్దున్న టూరు చూసి బుక్ చేశాను.